మూడో సీజన్ ఎప్పుడొస్తుందే?

మీకు బాగా నచ్చిన సీరియల్ ఒకటి మధ్యలో ఆగిపోయిందనుకోండి. మూడేళ్లు ఎదురుచూశారు. మళ్లీ మొదలవుతోందన్నారు. వంటింటి పనంతా ముగించుకుని, గిన్నెలు బోర్లించి, చీర కొంగుకి చెయ్యి తుడుచుకుంటూ టీవీ ముందు కూర్చున్నారు. కొత్త ఎపిసోడ్ వచ్చింది, బావుంది. పై వారం కూర్చున్నారు. అదే కథ. ఆ పై వారం మళ్లీ అదే. అలా ఒకటి కాదు రెండు కాదు, ఎనిమిది వారాలు ఒకే కథ వేస్తే ఏం చేస్తారు? మా అత్తయ్యగారైతే రిమోట్ విసిరికొట్టేవారు.

2009లో జపాన్‌లో సరిగ్గా ఇదే జరిగింది. ఆ బొమ్మల సీరియల్ పేరు 'సుజుమియ హరుహి నో యూఉత్సు'. హరుహి అనే పిల్ల దిగులు అని చెప్పుకోవచ్చు. పేరులో దిగులుంది గానీ చూస్తే నవ్వలేక చావాలి.

మా అమ్మాయి కాలేజీ రోజుల నుంచీ దీని పేరు చెబుతూనే ఉండేది. నేను "ఊఁ ఊఁ" అంటూ పప్పు మెదుపుకునేదాన్ని. 2020లో లాక్‌డౌన్ పెట్టే ముందు బెంగళూరు నుంచి ఇంటికొచ్చేసింది. వర్క్ ఫ్రమ్ హోమ్. సాయంత్రం లాప్‌టాప్ మూసేశాక ఏం తోచేది కాదు దానికి. "అమ్మా, ఇప్పుడైనా చూద్దువుగాని రా" అని లాక్కెళ్లి కూర్చోబెట్టింది.

మొదట వేసింది ఏమిటంటే, పిల్లలు కెమెరా పట్టుకుని తీసిన ఒక పరమ చెత్త సినిమా. కెమెరా ఊగిపోతోంది, నటించడం ఎవరికీ రాదు, కథకి తలా తోకా లేదు. "ఇందుకా ఇన్నేళ్లు నా ప్రాణం తీశావు?" అన్నాను. అది పొట్ట పట్టుకుని నవ్వింది. 2006లో టీవీలో వచ్చినప్పుడు కూడా మొదటి రోజు అదే వేశారట. కథలో పిల్లలు స్కూలు వార్షికోత్సవం కోసం తీసిన సినిమా అది. పైగా ఆ ఏడాది వచ్చిన 14 ఎపిసోడ్లూ వరసలో కాకుండా ముందువి వెనక్కి, వెనకవి ముందుకి కలిపేసి వేశారు. మన పేకముక్కల్లా అన్నమాట. అయినా జనం ఎగబడి చూశారు.

కథ క్లుప్తంగా చెబుతాను. హరుహి హైస్కూల్లో చేరిన మొదటి రోజే లేచి నిలబడి, మామూలు మనుషులంటే నాకు ఆసక్తి లేదు, మీలో గ్రహాంతరవాసులు, భవిష్యత్తు నుంచి వచ్చినవాళ్లు, అతీంద్రియ శక్తులున్నవాళ్లు ఎవరైనా ఉంటే నా దగ్గరికి రండి అని ప్రకటిస్తుంది. వాళ్లని వెతకడానికి ఓ క్లబ్బు కూడా పెడుతుంది. తమాషా ఏమిటంటే, ఆ క్లబ్బులో చేరినవాళ్లు నిజంగా వాళ్లే. మూల కూర్చుని పుస్తకం చదువుకునే నాగతో యుకి గ్రహాంతర శక్తి పంపిన పిల్ల. టీ పోసే అసహినా మికురు భవిష్యత్తు నుంచి వచ్చింది. ఎప్పుడూ నవ్వుతూ ఉండే కోయిజుమి అతీంద్రియ శక్తులవాడు. ఈ సంగతి హరుహికి తప్ప అందరికీ తెలుసు! ఎందుకు చెప్పరంటే, ఆ పిల్లకి తెలియకుండానే ఆమె మనసులో ఏది గట్టిగా అనుకుంటే లోకం అలా మారిపోతుంది. ఆమెకి విసుగొచ్చిందంటే ఈ లోకాన్నే చెరిపేసి ఇంకోటి చేసుకోగలదు. అందుకని అందరూ ఆమెకి విసుగు రాకుండా చూసుకుంటూ ఉంటారు.

ఇది విని నేను వెంటనే అన్నాను, "ఇందులో వింతేముందే, ఇలాంటివాళ్లు మనింట్లోనూ ఉన్నారుగా" అని. మా ఆయన పేపరు వెనక నుంచి దగ్గారు.

ఇదంతా మనకి చెప్పేవాడు క్యోన్. వాడిది అసలు పేరు కాదు, ఎవరో పెట్టిన ముద్దుపేరు. అసలు పేరేమిటో కథలో ఎక్కడా చెప్పరు. మన చంటిగాళ్లు, బుజ్జిగాళ్లు లేరూ, రేషన్ కార్డులో తప్ప ఎక్కడా అసలు పేరు కనపడనివాళ్లు. అలాగే. వాడి సణుగుడు వింటుంటే మా తమ్ముడు గుర్తొచ్చాడు నాకు.

ఇంక ఆ ఎనిమిది వారాల సంగతి. 2006లో సీరియల్ అంత పేరు తెచ్చుకున్నాక తరవాతి భాగం కోసం అందరూ కాచుకుని ఉన్నారు. 2009లో పాత ఎపిసోడ్లని వరసలో పెట్టి మళ్లీ వేస్తూ, మధ్యమధ్యలో కొత్తవి కలిపారు. కొత్తవి మొత్తం 14. అందులో ఎనిమిదింటి పేరు 'ఎండ్‌లెస్ ఎయిట్'. జపాన్‌లో ఆగస్టు అంటే పిల్లలకి వేసవి సెలవులు. ఆగస్టు 17 నుంచి 31 దాకా, సెలవుల ఆఖరి రెండు వారాలూ ఈ పిల్లలు ఈత కొడతారు, తిరనాళ్లకి వెళతారు, బాణసంచా కాలుస్తారు, కీచురాళ్లని పడతారు, కప్ప వేషాలు వేసుకుని దుకాణం ముందు పనిచేస్తారు, నాగతో ఉండే అపార్ట్‌మెంట్ డాబా మీద నక్షత్రాలు చూస్తారు. 31 రాత్రి అయ్యేసరికి హరుహికి ఇంకా ఏదో మిగిలిపోయిందనిపిస్తుంది. అంతే, కాలం గిర్రున తిరిగి మళ్లీ 17కి వెళ్లిపోతుంది. ఎవరికీ ఏదీ గుర్తుండదు. ఒక్క నాగతోకి తప్ప.

ఎన్నిసార్లు తిరిగిందో తెలుసా అండీ? చివరి ఎపిసోడ్‌కి 15,532 సార్లు. రెండు వారాల చొప్పున లెక్కేస్తే దాదాపు 595 ఏళ్లు! అన్నేళ్లూ ఆ పిల్ల అదే ఈత, అదే తిరనాళ్లు, అవే మాటలు, అన్నీ గుర్తుపెట్టుకుని కూర్చుంది. మాకెందుకు ముందే చెప్పలేదని వాళ్లు అడిగితే, నా పని గమనించడమే అంటుంది.

జపాన్‌లో చూసేవాళ్లు మండిపడ్డారట. మూడేళ్లు కాచుకుంటే ఇదా ఇచ్చేదని. వాళ్ల కోపం న్యాయమే. కానీ మా అమ్మాయి చెప్పిన ఇంకో సంగతి నన్ను పట్టేసింది. ఆ ఎనిమిదీ ఒకసారి గీసి ఎనిమిదిసార్లు వేసినవి కావు. ప్రతి ఎపిసోడూ కొత్తగా గీశారు. మాటలు కూడా ప్రతిసారీ కొత్తగా చెప్పించారు. ప్రతిసారీ తిరనాళ్లలో అమ్మాయిలు కట్టుకునే యుకాతాలు వేరు, ఈతబట్టలు వేరు, కెమెరా ఉన్న చోటు వేరు. అది విన్నాక నేను కథ చూడడం మానేసి బట్టలు చూడడం మొదలుపెట్టాను. "ఇందాకటిది నీలంది, ఇప్పుడు గులాబీరంగు" అంటూ. మా అమ్మాయి తెల్లబోయింది. మనకి కొత్తా ఏమన్నా? పదేళ్ల కిందట పెళ్లిలో తోటికోడలు ఏ చీర కట్టుకుందో చెప్పమంటే చెప్పేస్తాం.

నేను అంత ఓపిగ్గా ఎలా చూశానా అని మీకు అనిపించవచ్చు. ఆ ఏడాది మా ఇంట్లో అదే నడుస్తోంది. లాక్‌డౌన్ సంగతి చెప్పక్కర్లేదు, అందరిళ్లల్లోనూ నిన్నటికీ ఇవాళ్టికీ తేడా లేని రోజులే. దానికి తోడు మా అత్తయ్యగారికి మతిమరుపు జబ్బు మొదలై అప్పటికి రెండేళ్లు. మావయ్యగారు పోయి చాలా కాలమైంది. రోజూ సాయంత్రం దీపాల వేళకి ఆవిడ గుమ్మం వైపు చూసి, "అమ్మాయ్, మీ మావయ్య ఇంకా రాలేదేం?" అనేవారు. లేరని చెబితే అప్పుడే విన్నట్టు ఏడ్చేవారు. వస్తారని చెబితే పదిన్నర దాకా అన్నం తినకుండా కూర్చునేవారు. ఏదో ఒకటి చెప్పి మాట మార్చడం నా పని. మర్నాడు ఆవిడకి ఏమీ గుర్తుండేది కాదు. ఏ రోజు ఏం చెప్పానో, ఏ మాటకి కళ్లనీళ్లు పెట్టుకున్నారో, ఏ మాటకి ఊరుకున్నారో నాకు గుర్తుండేది.

ఐదో ఎపిసోడో ఆరో ఎపిసోడో, నాగతో తిరనాళ్లలో ముసుగు కొనుక్కుని తలకి ఓ పక్కన పెట్టుకుని నిలబడుతుంది. ముఖంలో ఏ భావమూ లేదు. నాకు ఎందుకో గొంతు పట్టేసింది. మా అమ్మాయి ఆపేసి నీళ్లు తెచ్చిచ్చింది, ఏమీ అడగలేదు.

ఆ చక్రం ఎలా ఆగుతుందో చెప్పేస్తాను, చూడాలనుకునేవాళ్లు ఈ పేరా దాటెయ్యండి. సెలవుల ఆఖర్లో హోటల్లో కూర్చుని ఉంటారు. హరుహి లేచి వెళ్లిపోతోంది. ఏదో ఒకటి చెయ్యకపోతే మళ్లీ మొదటికే. క్యోన్‌కి ఏం చెయ్యాలో తోచక, నా సెలవుల హోంవర్క్ ఇంకా అవలేదు, అందరం కలిసి మా ఇంట్లో చేద్దాం అని అరుస్తాడు. అంతే. హరుహి తన హోంవర్క్ ఎప్పుడో చేసేసుకుంది. నలుగురితో కలిసి కూర్చుని చెయ్యడమన్నది ఆ పిల్ల ఎరగదు. ఈతలూ బాణసంచాలూ తీర్చలేనిది ఆ చిన్న పని తీర్చింది.

మర్నాడు మధ్యాహ్నం మా అమ్మాయి మీటింగు మధ్యలో వంటింట్లోకొచ్చి, "అమ్మా, నాన్నమ్మ హోంవర్క్ ఏమయ్యుంటుంది?" అంది. నాకు అర్థమయ్యేసరికి నిమిషం పట్టింది. "జబ్బు జబ్బే, సీరియల్ సీరియలే, పిచ్చి వేషాలు వెయ్యకు" అన్నాను. అది వింటేగా! ఆవిడ రోజంతా ఏమేం అడుగుతారో కాగితం మీద రాయడం మొదలుపెట్టింది. నాలుగు రోజులు రాసింది. మావయ్యగారి సంగతి సాయంత్రం. అంతకుముందు, మధ్యాహ్నం మూడింటప్పుడు, రోజూ ఇంకో మాట అంటున్నారు. "పిల్లకి జడ వెయ్యాలి, దువ్వెన ఏదీ?" అని. నేను రోజూ వింటున్న మాటే. అది వరసగా కాగితం మీద కనిపించేసరికి వేరేగా ఉంది.

ఐదో రోజు మూడింటికి మా అమ్మాయి కొబ్బరినూనె గిన్నె, దువ్వెన, రిబ్బను పట్టుకెళ్లి ఆవిడ మంచం ముందు కింద కూర్చుంది. దాని జుట్టు భుజాల దాకా కత్తిరించుకున్నదే, జడకి ఎక్కడొస్తుంది? అత్తయ్యగారు జుట్టు పట్టుకుని చూశారు. "ఎవరే నీ జుట్టు ఇలా చేసింది, మీ అమ్మ నూనె పెట్టడం లేదా?" అన్నారు. (కోడలి మీద ఫిర్యాదు మాత్రం ఏ జబ్బూ చెరపలేదు, చూశారా.) తరవాత పాయలు తీసి, వేళ్లు తడబడకుండా, రెండు చిన్న జడలు బిగించి అల్లి మడిచి కట్టేశారు. చొక్కా గుండీ పెట్టుకోలేని వేళ్లు అవి.

ఆ సాయంత్రం మావయ్యగారి గురించి అడగలేదా అంటే, అడిగారు. మర్నాడూ అడిగారు. సీరియల్లోలా ఏదీ ఆగిపోలేదు. మూడింటికి మాత్రం దువ్వెన పట్టుకుని ఎదురుచూడడం మొదలుపెట్టారు. మా అమ్మాయి రెండు జడలతో ఆఫీసు మీటింగులకి కూర్చునేది. కెమెరా ఆఫ్ చేసిందో లేదో నేను అడగలేదు.

ఆ తరవాత ఓ ఆదివారం, అత్తయ్యగారు పడుకున్నాక, సినిమా చూశాం. 2010లో వచ్చింది, పేరు 'సుజుమియ హరుహి నో షోషిత్సు'. హరుహి మాయమైపోవడం అన్నమాట. రెండు గంటల 42 నిమిషాలు. డిసెంబరు 18న క్యోన్ స్కూలుకెళితే హరుహి లేదు. అలాంటి పిల్ల ఉందని కూడా ఎవరికీ తెలీదు. నాగతో మామూలు పిల్లయిపోయింది, సిగ్గరి, కళ్లజోడు. లోకాన్ని మార్చేసింది హరుహి కాదని మెల్లగా తెలుస్తుంది. మూల కూర్చుని అందరి పనీ చక్కబెట్టి, ఒక్కసారీ విసుక్కోని నాగతో. లోపల తప్పులు పేరుకుపోయాయి అంటుంది తన భాషలో. గ్రహాంతర యంత్రం లాంటి పిల్ల కదా, అలసిపోయాను అనే మాట తనకి తెలీదు.

ఆస్పత్రి డాబా మీద మంచు పడుతూ ఉంటుంది. తన పైవాళ్లు తనని శిక్షించాలా వద్దా అని ఆలోచిస్తున్నారని చెబుతుందా పిల్ల. యుకి అనే మాటకి మంచు అనే అర్థం కూడా ఉందట. రోజూ టీ తాగి పోయే క్యోన్, అప్పుడు మాత్రం, నిన్ను ఏమన్నా చేస్తే ఊరుకోనని మీవాళ్లకి చెప్పు అని చెయ్యి పట్టుకుంటాడు. సినిమా అయ్యాక మా అమ్మాయి చాలాసేపు ఊరుకుని, "అమ్మా, నువ్వెప్పుడన్నా ఇదంతా మార్చేద్దామనుకున్నావా?" అని అడిగింది. "అనుకోకుండా ఉంటానా?" అన్నాను. "మార్చేస్తే అందులో నేనుంటానా?" అంది. "నువ్వుంటావు. గ్యాస్ సిలిండర్ మొయ్యడానికి మీ నాన్న ఉంటారు" అన్నాను. నవ్వింది. ఆ వారం నుంచి రాత్రిపూట అత్తయ్యగారి పక్కన పడుకోవడం వాళ్లిద్దరూ వంతులు వేసుకున్నారు. నాకు రెండేళ్ల తరవాత తెల్లారి ఆరింటి దాకా నిద్ర పట్టింది.

ఈ సీరియల్ తీసింది క్యోటో యానిమేషన్ అనే స్టూడియో. 2019 జూలై 18న ఆ స్టూడియోకి ఒకడు పెట్రోలు పోసి నిప్పంటించాడు. 36 మంది పోయారు. ఆ రోజు మా అమ్మాయి బెంగళూరు నుంచి ఫోన్ చేసి వెక్కివెక్కి ఏడ్చింది. ఆఫీసులో ఎవరికన్నా ఏమన్నా అయిందేమో అని హడలిపోయాను. ఈ సినిమాకి ఒక దర్శకుడైన తకెమోతో యసుహిరో, హరుహి రూపాన్ని సీరియల్ కోసం తీర్చిన ఇకెదా షోకో ఆ మంటల్లోనే పోయారని తరవాత చెబితే, ఆ పేర్లు నాకేం తెలుసు. బొమ్మలన్నీ చూశాక తెలిశాయి. పోయినవాళ్లలో సగానికి పైగా ఆడవాళ్లే.

ఆ స్టూడియో ఎలా పుట్టిందో విన్నాక నాకు ఇంకా దగ్గరగా అనిపించింది. హత్తా యోకో అనే ఆవిడ పెళ్లికి ముందు ముషి ప్రొడక్షన్‌లో బొమ్మలకి రంగులు వేసేది. ఆ రోజుల్లో పారదర్శకంగా ఉండే రేకు మీద ఒక పక్క గీతలు గీసి, వెనక వైపు నుంచి రంగు నింపేవారు. గీత దాటకూడదు, చారలు పడకూడదు. మన ముగ్గులో రంగు నింపినంత ఓపిక కావాలి, కాకపోతే వేలల్లో. పెళ్లయి క్యోటో పక్కన ఉజి అనే ఊరికి వచ్చాక, 1981లో, చుట్టుపక్కల ఇల్లాళ్లని పోగేసి పెద్ద స్టూడియోల దగ్గర్నుంచి ఆ రంగుల పని తెచ్చి చేయించడం మొదలుపెట్టింది. మన దగ్గర అప్పడాలూ వడియాలూ ఇంటింటికీ పంచి చేయించుకున్నట్టే. ఆ ఇల్లాళ్ల గుంపే పెరిగి పెద్ద స్టూడియో అయింది. ఒకే తిరనాళ్లకి ఎనిమిదిసార్లు ఎనిమిది రకాల బట్టలు గియ్యాలన్న మొండితనం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఆ ముక్క విన్నాక కొంచెం అర్థమైంది.

మూడో సీజన్ మాత్రం ఇప్పటికీ రాలేదు. పుస్తకాల సంగతీ అంతంతమాత్రమే. తనిగావా నగారు అనే రచయిత 2003లో మొదలుపెట్టి 2007 కల్లా తొమ్మిది సంపుటాలు రాసిపడేశాడు. పదీ పదకొండూ రావడానికి 2011 అయింది. పన్నెండోది రావడానికి ఇంకో తొమ్మిదేళ్లు. 2020 ఆగస్టు ఆఖర్లో ఆ కబురు వచ్చినప్పుడు మా అమ్మాయి రెండు జడలతో ఇల్లంతా గెంతింది. అత్తయ్యగారు "పెళ్లి కుదిరిందా?" అని అడిగారు. నవంబరు 25న వచ్చింది పుస్తకం. ఇంగ్లీషులో చదివి నాకు తెలుగులో చెప్పింది. మూడు కథలు. అందులో పెద్దది కొత్తగా రాసిన డిటెక్టివ్ పొడుపుకథ. నాకు పెద్దగా ఎక్కలేదు, కూర్చుని వాదించుకోవడమే ఎక్కువ. అసలు కథ ఇంచు ముందుకి జరగలేదు. "తొమ్మిదేళ్లకి ఇదా?" అన్నాను. "వాళ్లందరూ ఒక గదిలో కూర్చుని మాట్లాడుకుంటున్నారు కదమ్మా, చాల్లే" అంది. అది ఆ పుస్తకాన్ని అత్తయ్యగారి మంచం పక్కనే కూర్చుని చదివేది, ఒక చెయ్యి ఆవిడ చేతిలో పెట్టి.

2022లో అత్తయ్యగారు వెళ్లిపోయారు. మా అమ్మాయి మళ్లీ బెంగళూరులో ఉంది. జుట్టు పెంచింది. 2024 నవంబరు 29న ఇంకో సంపుటం వచ్చింది, ఈసారి నాలుగేళ్లకే. "నాగతో ఉందా అందులో?" అన్నదొక్కటే నేనడిగింది. "ఉండకుండా ఎలా ఉంటుందమ్మా" అంది.

ఆదివారం వీడియో కాల్‌లో నేను అడిగే మొదటి మాట, "మూడో సీజన్ కబురేమన్నా తెలిసిందా?" అని. మొన్న నవ్వుతూనే, కానీ కాస్త కంగారుగా, "అమ్మా, పోయిన ఆదివారం కూడా ఇదే అడిగావు, గుర్తుందా?" అంది.

"ఎందుకు లేదే? పోయిన వారం నువ్వు ఆకుపచ్చ చుడీదార్ వేసుకున్నావు, తలస్నానం చేసి తువ్వాలు చుట్టుకున్నావు. ఇవాళ పసుపుపచ్చది. అంతకుముందు వారం నీలం" అన్నాను.

"సరే అయితే" అని అప్పుడు కుదుటపడి, పొయ్యి మీద ఏముందని అడిగింది.